అనంతగిరి గుట్టల్లో ఎంటీబీ (మౌంటెన్ బైకింగ్): ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 కొత్తగేరు

అందరికీ నమస్కారం. మియాపూర్‌లో ఉంటాను. రెండేళ్ళుగా హైబ్రిడ్ సైకిల్ మీద గండిపేట చుట్టూ తిరుగుతున్నాను. దసరాకి హార్డ్‌టెయిల్ అనే, ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ కొన్నాను. 29 అంగుళాల చక్రాలు, 2.25 టైర్లు, ముందు సస్పెన్షన్ 120 మిల్లీమీటర్ల దాకా కుంగే ట్రావెల్. దాన్ని తారు రోడ్డు మీద తొక్కుతుంటే పందెపు ఎద్దును గానుగకు కట్టినట్టుంది.

అనంతగిరి అడవిలో బాటలు బాగుంటాయని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? నేల ఎలా ఉంటుంది? అనుమతి కావాలా? నలుగురం వస్తాం, ఇద్దరికి మట్టి మీద తొక్కడం ఇదే మొదటిసారి. వచ్చే ఆదివారం అనుకుంటున్నాం.

#2 ఏజెన్సీ_చక్రం

అనంతగిరికి ఇదే కాలం తమ్ముడూ. ఎస్.కోట దాటి టైడా దగ్గర ఎక్కుడు మొదలైతే గాలికొండ దాకా ఊపిరి తీసుకోనివ్వదు. అక్కడి నుంచి సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా అరకు చేరొచ్చు. ఇప్పుడు వలిసెలు పూసి పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టుంటాయి. ఎక్కే ఓపిక లేకపోతే విశాఖ-కిరండూల్ పాసింజర్‌లో సైకిల్‌ని లగేజీగా బుక్ చేసుకుని అరకులో దిగండి. దారిలో శిమిలిగుడ వస్తుంది, 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజ్ లైన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అదే.

తోటల మధ్య కాలిబాటలు తొక్కితే మళ్ళీ రోడ్డు తొక్కబుద్ధి కాదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. బాటంతా ఆకు పరుచుకుని మెత్తగా కనిపిస్తుంది కానీ దాని కింద వేళ్ళుంటాయి. తడి వేరు మీద బ్రేకు నొక్కావంటే చక్రం పక్కకి ఈడ్చేస్తుంది. వేరుకి ఎదురుగా, నేరుగా పోవాలి, ముందే వేగం తగ్గించుకుని బ్రేకు వదిలేసి దాటాలి.

డిసెంబరు, జనవరిల్లో వస్తే ఇంకో సంగతి. కాఫీ గింజలు ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద కూడా ఆరబోస్తారు. పక్కన రెండడుగుల దారి మిగులుతుంది. దిగి నడిపించుకుని పోండి. ఆ గింజల మీద ఒక ఇంటి ఏడాది ఖర్చు ఆధారపడి ఉంటుంది.

#3 ఒకే_గేరు

అన్నా, ఆయన మియాపూర్ నుంచి అడుగుతున్నాడు. వికారాబాద్ అనంతగిరి.

#4 ఏజెన్సీ_చక్రం

అవును కదా, హైదరాబాదు వాళ్ళకి అనంతగిరి అంటే అదే. సరే, రాసింది ఉంచేస్తున్నాను, మా వైపు వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. వేళ్ళ సంగతి మాత్రం ఏ అడవిలోనైనా అంతే.

#5 మొరం_దారి

కొత్తగేరు గారూ, పదకొండేళ్ళుగా ఆ గుట్టల్లో తొక్కుతున్నాను. తెలిసింది చెబుతాను.

వచ్చే ఆదివారం వద్దు. కార్తీకమాసం. గుట్ట మీద అనంతపద్మనాభస్వామి జాతర, ఘాట్ రోడ్డు నిండా బస్సులు, ఆటోలు, కాలినడకన వచ్చే కుటుంబాలు. గుడి దగ్గర మొదలయ్యే ట్రెక్కింగ్ బాట మీద కూడా జనం ఉంటారు. నెల ఆగండి.

హైదరాబాదు నుంచి తొక్కుకుంటూ రావద్దు. మొయినాబాద్, చేవెళ్ళ దాటి మన్నెగూడ దాకా ఉన్న బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడలో ఎంత అందంగా ఉంటుందో సైకిల్ మనిషికి అంత ప్రమాదం. ఇరుకు రోడ్డు, పక్కకి దిగడానికి చోటుండదు, తెల్లవారుజామున టిప్పర్లు వస్తుంటాయి. సైకిళ్ళు కారు వెనక రాక్ మీద వేసుకుని రండి.

ఇక నేల. ఇదొక్కటి అర్థమైతే సగం పని అయినట్టే. గుట్ట పైన ఎర్ర మొరం. కింద దక్కను నల్లరాయి, దాని నెత్తిన టోపీలా లాటరైట్ అనే ఎర్రరాయి. ఈ మొరం వాన నీటిని తాగేస్తుంది. కుండపోత కురిసినా రెండు రోజులు ఎండ తగిలితే తొక్కడానికి సిద్ధం. కానీ ఎండే కొద్దీ పైన శనగగింజలంత గుండ్రటి గులకలు తేలతాయి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం కింద అవి దొర్లుతాయి, మీరు మోచేతి మీద పడతారు. నా ఎడమ మోచేతికి ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. వేగం మలుపుకి ముందే తగ్గించాలి. మలుపులో బయటి కాలు కిందికి నొక్కి, సైకిల్‌ని వంచి, మీరు నిటారుగా ఉండాలి. చూపు మలుపు అవతలికి పోవాలి. చక్రం ముందున్న రాయిని చూస్తూ ఉంటే సైకిల్ సరిగ్గా ఆ రాయి మీదికే పోతుంది.

గుట్ట దిగి పొలాల్లోకి వచ్చారంటే నల్ల రేగడి. అది వేరే లోకం. ఎండలో సిమెంటు. చిన్న జల్లు పడితే చాలు, టైరుకి చుట్టుకుని, దానికి గడ్డి అంటుకుని, ఆ ముద్ద ఫోర్కులో ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. పదిహేను కిలోల సైకిల్ పాతిక కిలోలవుతుంది. మోసుకోవడం తప్ప మార్గం లేదు. వాన పడిన వారంలో కిందికి దిగే లూపు పెట్టుకోకండి.

గాలి: ట్యూబ్‌లెస్ అయితే 75 కిలోల మనిషికి వెనక 26, ముందు 23 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ట్యూబులుంటే 30 కంటే తగ్గించకండి, రాయి తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి.

అనుమతి: కావాలి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరమే. వికారాబాద్ అటవీ కార్యాలయంలో ముందుగా అడగండి, ఏ బాట తెరిచి ఉందో వాళ్ళే చెబుతారు. ఫిబ్రవరిలో నిప్పు పాకకుండా గీసే ఫైర్ లైన్లు వెడల్పుగా, శుభ్రంగా ఉండి రా రమ్మంటాయి. అవి మన కోసం గీసినవి కావు.

#6 పాలపిట్ట

మొరం_దారి అన్న చెప్పినదానికి ముళ్ళ సంగతి కలుపుతాను. ఈ నేల మీద మీ మొదటి శత్రువు రాయి కాదు, పల్లేరు కాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. రేగు ముళ్ళు, సర్కారు తుమ్మ సరేసరి. ఒకసారి కోటపల్లి ప్రాజెక్టు వైపు పోయి వచ్చాక వెనక టైరులో 14 ముళ్ళు లెక్కపెట్టాను. టైరులో చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం ఉంది కాబట్టి ఇల్లు చేరాను. సీలెంట్ మన ఎండలకి మూడు నెలల్లో ఎండిపోతుంది, కొన్నప్పుడు పోశారులే అని ఊరుకోకండి. టైరు ఊపి చూడండి, లోపల తొణికిన చప్పుడు రాకపోతే మళ్ళీ పోయాలి.

ఇంకో మాట. నేను పిట్టల కోసం ఆ అడవికి పోవడం మొదలుపెట్టి, తర్వాత సైకిల్ ఎక్కినదాన్ని. తెల్లారగానే, పొద్దుగూకే ముందు బాటలు జింకలవి, నెమళ్ళవి, అడవిపందులవి. పిల్లలతో ఉన్న అడవిపందికి ఎదురుపడితే దానికీ దారి ఉండదు, మీకూ ఉండదు. ఏడున్నరకి లోపలికి, నాలుగింటికల్లా బయటికి. డిసెంబరు తర్వాత రాలిన ఆకుల్లో కాలు పెట్టేముందు చూసుకోండి, రక్తపింజర ఆ ఆకు రంగులోనే ఉంటుంది. దగ్గరగా పోతే కుక్కర్ విజిల్లా బుస కొడుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ చప్పుడు వినిపించదు.

#7 ఒకే_గేరు

ఎవరైనా జీపీఎక్స్ ఫైలు (జీపీఎస్‌లో దారి చూపించే ఫైలు) పెట్టండి. ఇంత రాసే బదులు ట్రాక్ పెడితే ఐపోతుంది కదా.

#8 మొరం_దారి

పెట్టను తమ్ముడూ. ఆరేళ్ళ క్రితం ఒక బాట పెట్టాను. రెండు నెలల్లో మోటారు బైకులు వచ్చాయి. వానలో తొక్కి, బాట నడిమధ్యలో మోకాలి లోతు గాడి చేశారు. మర్నాడు వానకి ఆ గాడి ఒర్రె అయింది. చెయ్యెడు వెడల్పున్న బాట ఇప్పుడు ఆరడుగుల వెడల్పు, మట్టి పోయి రాళ్ళు తేలాయి. దానికి కారణం నేను పెట్టిన ఫైలే. వచ్చేవాళ్ళని నాతో తీసుకుపోతాను, ఎన్నిసార్లైనా వస్తాను. ఫైలు మాత్రం అడగొద్దు.

#9 ఒకే_గేరు

అర్థమైంది అన్నా. ఆ కథ తెలియదు. కానీ మరి కొత్తవాళ్ళకి దారి ఎలా? మనమే నలుగురం కలిసి శని ఆదివారాలు పార పట్టుకుని ఒక మంచి ట్రయల్ వేస్తే? మలుపులకి గట్లు కట్టి, చిన్న జంపులు పెట్టి. పుణె, బెంగళూరు వాళ్ళు చేసుకుంటున్నారుగా.

#10 గుట్టకింద_పల్లె

అన్నలందరికి, అక్కకు నమస్తే. నేను ఆ గుట్ట కింది ఊరోన్నే. ఇన్ని దినాలు చదువుడే గని రాయలే. ఇయ్యాల రాయాలనిపిచ్చింది.

మీరు ట్రయల్ అంటున్న బాటలు ఎవరేసిన్రో తెలుసా? మా బర్లు, మా మేకలు. తాతల కాలం నుంచి పొద్దుగాల తోల్కపోయి మాపటికి తోల్కొచ్చే బాటలవి. గొడ్డు నిట్టనిలువున ఎక్కది, గుట్టకు అడ్డంగ తిరుక్కుంట ఎక్కుతది. అందుకే ఆ బాట మీ సైకిల్‌కు గూడ మంచిగ అనిపిస్తది.

పోయినేడు చలికాలంల ముగ్గురు పై నుంచి దిగిన్రు. హెల్మెట్లు, అద్దాలు, మంచిగున్నరు. మలుపు తిరగంగనే మా పెద్దమ్మ మేకలు. అందరు ఆగలేకపోయిన్రు. ఒక పిల్ల కాలు ఇరిగింది. కింద పడ్డోడు లేసి సైకిల్ చూస్కున్నడు, మేకను చూడలే. పెద్దమ్మ ఒర్రుకుంట ఎంబడి వడ్డది, వాళ్ళు పోయిన్రు. పైసల గురించి కాదన్నా నేను చెప్పేది. ఆగి, అమ్మా తప్పైందని ఒక్క మాటంటే అయిపోతుండె. ఆ దినం నుంచి మా ఊర్ల హెల్మెట్ పెట్టుకున్నోడు కనిపిస్తే మాట్లాడరు.

ఏప్రిల్, మేల తునికాకుకు పొద్దు పొడవకముందే ఆడోళ్ళు పోతరు. నెత్తిన మూటుంటది, ఎనక నుంచి ఏమొస్తుందో కనవడది. గంట పెట్టుకోండ్రి సైకిల్‌కు. చిన్న గంట.

ఇంగ దామగుండం అడివి ముచ్చట. మీల ఎందరు అక్కడ తొక్కిన్రో నాకెర్కే. మేమూ అక్కడ్నే మేపినం. రామలింగేశ్వరస్వామి గుడికాడ గుండంల నీళ్ళు తాగి చెట్టు కింద పండుకునేటోళ్ళం. 2,900 ఎకరాలు నేవీకి పోయింది. 2024 అక్టోబర్ 15న రాజ్‌నాథ్ సింగ్ వచ్చి పునాది రాయి ఏసిపోయిండు. దేశానికి పని పడ్డదన్నరు, సరే. కని అక్కడ మేసిన గొడ్లన్నీ ఇప్పుడు ఇటు దిక్కే రావాలె. ఉన్న కొన్ని బాటల మీద మేమే ఒకరికొకరం అడ్డమైతున్నం. అండ్ల కొత్తగ పార పట్టుకొని తవ్వుతం అంటే, ఒక్కసారి ఆలోచన చెయ్యిండ్రి.

#11 పాలపిట్ట

తమ్ముడూ, రాసినందుకు మనసారా థాంక్స్. ఆ ముగ్గురు ఎవరో నాకు తెలియదు, కానీ మేమూ అవే హెల్మెట్లు పెట్టుకుని వస్తాం కాబట్టి ఆ కోపం మా మీద పడటం న్యాయమే. పెద్దమ్మని ఒకసారి కలవాలని ఉంది.

దామగుండం నాకు అడవిని నేర్పిన చోటు. నేవీకి అది ఎందుకో అందరికీ తెలియదు: జలాంతర్గాములకి సంకేతాలు పంపే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ కేంద్రం. తిరునెల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో రెండోది. సముద్రం ఆనవాలు లేని చోట నౌకాదళానికి అడవి ఇవ్వడమేంటని మొదట కోపం వచ్చింది. ఆ తరంగాలు ఎంత దూరమైనా పోతాయట, తీరం పక్కనే ఉండనక్కర్లేదు. కారణం తెలిశాక కూడా దిగులు తగ్గలేదు.

#12 ఓజార్క్_తెలుగు

నేను ఆర్కన్సాలో బెంటన్‌విల్‌లో ఉంటున్నాను. వాల్‌మార్ట్ ఇక్కడే కాబట్టి తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆఫీసు నుంచి పది నిమిషాల్లో అడవి బాట ఎక్కొచ్చు. స్లాటర్ పెన్, కోలర్, బ్యాక్ ఫార్టీ, ఇలా ఒకదానికొకటి కలిసిపోయిన బాటలు. ఓజార్క్ కొండలు మన తూర్పు కనుమలంత ఎత్తేం కాదు, చెర్ట్ అనే పదునైన రాయి ఎక్కువ.

ట్రయల్ వేసే రోజుల్లో వాలంటీర్‌గా నాలుగు సీజన్లు పార పట్టాను. అక్కడ నేర్పిన మొదటి సూత్రం గుట్టకింద_పల్లె తమ్ముడు చెప్పిందే. బాట వాలు, కొండ పక్కవాలులో సగం దాటకూడదు. కొండ నూటికి 20 వంతున వాలి ఉంటే బాట 10 మించకూడదు. మించితే నీళ్ళు బాటని అడ్డంగా దాటవు, బాటనే కాలవ చేసుకుని దాని వెంటే దిగుతాయి. మట్టి అంతా కొట్టుకుపోతుంది. బాట బయటి అంచు కొద్దిగా కిందికి వంచుతాం, ప్రతి పాతిక ముప్పై అడుగులకి దిగే బాటని కాస్త పైకి లేపి మళ్ళీ దింపుతాం, నీళ్ళు అక్కడ పక్కకి తప్పుకుంటాయి. దిగుతుంటే అలలా అనిపించే ఆ ఊపు సరదా కోసం పెట్టింది అనుకుంటారు అంతా. అసలు అది నీటి కోసం.

ఒకే_గేరు బ్రదర్, ఇక్కడ మేము పార పట్టింది ఆఖరి పని. అంతకుముందు భూమి ఎవరిదో తేలింది, రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, వాల్టన్ కుటుంబం డబ్బు పెట్టింది, ఏ సీజన్లో మూసేయాలో రాసుకున్నారు. అవేవీ లేకుండా తవ్వితే ఇక్కడైనా కేసే.

#13 ఏజెన్సీ_చక్రం

మా వైపు కూడా ఎవరో ఒకరు వచ్చి 'బైక్ పార్క్ పెడదాం, స్థలం కొందాం' అంటుంటారు. కుదరదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదు. ఆ చట్టం లేకపోతే అరకు చుట్టూ ఈపాటికి కాఫీ తోట బదులు రిసార్టులే ఉండేవి. గూడెం వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ కుర్రాళ్ళని గైడ్లుగా పెట్టుకుని, వాళ్ళింట్లో తిని, వాళ్ళ బాట మీద వాళ్ళతోనే పోవడం. నేను ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాను. ఇటుకల పండగప్పుడు ఆడవాళ్ళు దారికి అడ్డం కర్ర పెట్టి డబ్బులడుగుతారు. ఇచ్చి, కాసేపు నిలబడి పాట విని పోతాం.

#14 ఒకే_గేరు

పార మాట వెనక్కి తీసుకుంటున్నా. గుట్టకింద_పల్లె అన్నా, గంట ఇవాళే కొన్నాను.

#15 గుట్టకింద_పల్లె

మంచిది తమ్మి. నీ మీద కోపం లేదు. ఇంకో ముచ్చట చెప్తా. అడివిల కాకుండ, మా ఊరి పక్కపొంటి మొరం పడావు భూమి ఉంది. ఇరవై ఎకరాల దాంక ఉంటది, నాలుగు ఇండ్లోళ్ళది. పంట రాదు. చిన్న గుట్ట, తుమ్మలు, రెండు ఒర్రెలు. ఆ నాలుగు ఇండ్లోళ్ళను కూసోవెట్టి అడిగితే కాదనరు అనుకుంటున్న. అడుగుడు మాత్రం మీరు వచ్చి అడగాలె, నా నోటితోని కాదు.

#16 కొత్తగేరు

నెల తర్వాత వస్తున్నాను. నిన్న వెళ్ళొచ్చాం. కొంచెం పెద్దదే రాస్తాను.

అటవీ కార్యాలయానికి మొదటి వారమే ఫోన్ చేశాం, రెండోసారి స్వయంగా వెళ్ళాం. ఒక బాట చెప్పి, పేర్లు రాసుకుని పంపారు. మొరం_దారి అన్న ముందు, మేం నలుగురం, పాలపిట్ట మేడం వెనక.

గుట్ట మీద చలికి వేళ్ళు బ్రేకు లీవర్ మీద బిగుసుకుపోయాయి. మొదటి దిగుడు దగ్గర అన్న ఆపి, సైకిళ్ళు పక్కన పడేయించి, బాటంతా కాలినడకన నడిపించాడు. ప్రతి రాయి దగ్గరా ఆగి 'దీన్ని ఎటు నుంచి దాటతావు' అని అడిగాడు. అప్పుడు విసుగనిపించింది. తర్వాత సైకిల్ మీద దిగుతుంటే ఆ రాళ్ళన్నీ తెలిసినవాళ్ళలా ఎదురొచ్చాయి. పెడళ్ళు రెండూ సమంగా, నడుము వెనక్కి, మోచేతులు బయటికి. టేకు ఆకులు చక్రం కింద అప్పడాల్లా విరుగుతుంటే ఇంకే చప్పుడూ లేదు. మూడో మలుపులో గులకల మీద వెనక చక్రం జానెడు జారింది. గుండె గొంతులోకి వచ్చింది. కానీ బ్రేకు పట్టలేదు, చూపు బాట మీదే ఉంచాను, అదే సర్దుకుంది. ఆ జానెడు జారుడు గురించి నిన్నటి నుంచి ఇంట్లో అందరికీ చెబుతున్నాను.

సగం దారిలో మేకల మెడ గంటలు వినిపించాయి. దిగి, సైకిళ్ళు దిగువ పక్కకి తీసుకుని నిలబడ్డాం. పశువులు ఎప్పుడూ ఎగువ పక్కనుండాలట, లేదంటే బెదిరి లోయలోకి దూకుతాయట. మంద దాటడానికి ఏడు నిమిషాలు పట్టింది. మేపే ముసలాయన ఏమీ అనలేదు, పోతూ పోతూ బీడీకి అగ్గిపెట్టె అడిగాడు. మా దగ్గర ఎవరికీ లేదు.

చివరి కిలోమీటరులో మా వాడి సైకిల్‌కి కర్ర ఒకటి గేర్లు మార్చే వెనక డిరైలర్‌లో ఇరుక్కుని దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. స్పేర్ లేదు. గుట్టకింద_పల్లె అన్న బండేసుకుని వచ్చి, తన దగ్గరున్న చైన్ కట్టర్‌తో గొలుసు కత్తిరించి, మధ్య గేరుకి సరిపెట్టి ఒకే గేరు సైకిల్ చేసిచ్చాడు. సైకిల్ లేనాయన దగ్గర కట్టర్ ఎందుకుందని అడిగితే, ఈ చర్చ చదివి వికారాబాద్ బజారులో కొన్నాడట.

వాళ్ళింట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తిన్నాం. పాలపిట్ట మేడం పెద్దమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడారు. కాలు విరిగిన మేకపిల్ల ఇప్పుడు పెద్దదైంది, కొంచెం కుంటుతుంది. పెద్దమ్మ దాన్ని అమ్మలేదు. మమ్మల్ని చూసి నవ్వలేదు కానీ వెళ్ళేటప్పుడు సీసాల్లో నీళ్ళు తనే నింపింది.

పడావు భూమి చూశాం. గుట్ట చిన్నదే, కానీ మొరం గట్టిగా ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సరిపోతుంది. రెండు ఒర్రెల్ని ముట్టుకోకుండా పైనుంచి తిప్పొచ్చని మొరం_దారి అన్న అంటున్నాడు. ఓజార్క్_తెలుగు గారూ, కొలతలు, ఫొటోలు మీకు పంపిస్తాను. నీళ్ళు ఎటు పోతాయో మీరొకసారి చూసి చెప్పాలి.

గుట్టకింద_పల్లె అన్నా, నలుగురు ఇంటివాళ్ళని కలవడానికి మేం ఎప్పుడు రావాలి? జనవరి మొదటి వారం కుదురుతుందా?

#17 ఓజార్క్_తెలుగు

తప్పకుండా పంపండి. వీలైతే వాన కురుస్తున్నప్పుడు తీసిన వీడియో ఒక్కటి కావాలి, ఫొటోల కన్నా అదే ముఖ్యం. ఇప్పుడు వానలు లేవు కాబట్టి తొందరపడి తవ్వకండి. ఒక వానాకాలం చూసి గీత గీద్దాం.

#18 గుట్టకింద_పల్లె

జనవరి మొదటి వారం వద్దన్నా. అందరు కంది కోతల ఉంటరు, ఎవ్వరు ఇంటికాడ దొరకరు. సంక్రాంతి అయినంక రాండ్రి. సైకిళ్ళు మాత్రం రోడ్డు మీదనే పెట్టి నడిచి రావాలె. కోసిన కంది కొయ్యలు ఏటవాలుగ కత్తి లెక్క ఉంటయి, టైరు నిలువున చీరుకపోతది. అగ్గిపెట్టె ఒకటి తీస్కరాండ్రి, ముసలాయన మళ్ళ అడుగుతడు.